పది కిలోమీటర్లు ఎక్కడినుంచి కొలిచిండ్రు?

ప్లానింగు అంటే ఏందో మా వాడకు కొత్తగ చెప్పే పనిలేదు. నగరాభివృద్ధి సంస్థలు పుట్టకముందే, రంగు పెన్సిళ్లతోని పటాలు గీసే ఆఫీసర్లు పుట్టకముందే మా ఊరికి ఒక మాస్టర్ ప్లాను ఉన్నది. ఎత్తు మీద గడి. గడి చుట్టూ పటేండ్ల ఇండ్లు. ఆ తర్వాత కాపోల్లు, గొల్లోల్లు, సాకలి, మంగలి. అందరి మురికి పారివచ్చి చేరే పల్లంల, వాగు ఒడ్డుకు మాలవాడ, మాదిగవాడ. ఎవ్వడూ కాయితం మీద రాయలేదు. ఎవ్వడూ జీవో తియ్యలేదు. అయినా తరాల పొడుగునా ఒక్క గుడిసె గూడ గీత దాటలేదు. ఈ దేశంల ఇంత కచ్చితంగ అమలైన భూవినియోగ ప్రణాళిక ఇంకొకటి ఉంటే చూపియ్యిండ్రి.

ఆ ప్లానుకు ఒక సూత్రం ఉన్నది. ఊరికి సరుకు కావాలె, సరుకు తయారయ్యే కాడి కంపు వద్దు. చెప్పులు కావాలె, మోట బొక్కెన కావాలె, జాతరకు డప్పు కావాలె. చచ్చిన గొడ్డును కోసే జాగ, తోళ్లు నానే లంద, సున్నపు నీళ్లు, తంగేడు చెక్క నీళ్లు మాత్రం ఊరి మీదికి గాలి రాని దిక్కున ఉండాలె. మా తాత కాళ్లు, చేతులు సున్నానికి పగిలి చచ్చేదాక మానలేదు. పర్యావరణం అన్న మాట పుస్తకాలల్లకు రాకముందే ఊరు తన పర్యావరణాన్ని మా తాత చర్మం మీద కాపాడుకున్నది.

ఇయ్యాల పట్నం అదే పని చేస్తున్నది. మందుబిళ్లలు కావాలె, రంగులు కావాలె, ప్లాస్టిక్కు కావాలె, గ్యాసుబండ కావాలె. తయారయ్యేకాడి గాలి వద్దు, పేలేకాడి చప్పుడు వద్దు. దానికి ఇంగ్లీషుల జోనింగ్ అని పేరు పెట్టిండ్రు. ఈ జోనింగు కింద చేవెళ్ల, మొయినాబాద్ పల్లెలు ఇరవై ఆరేండ్లు నడిచినయి. ఆ లెక్క మా వాడ నుంచి ఎన్నడూ ఎవ్వరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. వేలమంది కొట్టుకపోయిండ్రు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకొని నిజాం సర్కారు రెండు పెద్ద చెరువులు కట్టింది. మూసీ మీద కట్టింది ఉస్మాన్‌సాగర్. మేం గండిపేట అంటం. అది 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. పట్నానికి వరద భయం తగ్గింది, తాగునీళ్లు దొరికినయి. మా చెల్కల మీద పడ్డ వాన పారి పారి ఆ రెండు చెరువులల్లనే కలుస్తది. అంటే పట్నం తాగే బిందెకు మా పల్లెలు అంచు.

1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 తెచ్చింది. రెండు చెరువుల నిండు నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల దాక కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టొద్దు, పెద్ద హోటళ్లు కట్టొద్దు, కాలనీలు వెయ్యొద్దు అన్నది. నూటికి తొంభై వంతుల నేల ఎవుసానికీ, పచ్చదనానికీ ఉంచాలె అన్నది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, రాజేంద్రనగర్, షాబాద్ మండలాలల్ల 84 ఊళ్లు, లక్షా 32 వేల ఎకరాలు ఈ గీత లోపలికి వచ్చినయి.

ఆ గీత మాకు మేలు చెయ్యలేదని నేను అనను. పటాన్‌చెరు దిక్కు నక్కవాగు ఏమైందో కండ్లార చూసినోన్ని. అటు మంజీరలోకి పోయే వాగు రంగులు మారి పారింది. బాయిల నీళ్లు పశువు మూతి పెట్టకుండ అయినయి. ఆ గతి మా ఈసీ వాగుకు పట్టలేదంటే 111 కూడ ఒక కారణం. కాని ఆ పది కిలోమీటర్లు ఎక్కడినుంచి కొలిచిండ్రు? నీటి అంచు నుంచి కొలిచిండ్రు. పట్నపోని గ్లాసు నుంచి కొలిచిండ్రు. మా ఎల్లమ్మ గుడి నుంచి కొలవలేదు. వాడ చివరి గుడిసె నుంచి కొలవలేదు. మా ప్రాణాలు దక్కింది చేపలు దక్కినట్టే, నీళ్లతోపాటు.

జీవో వచ్చిన ఏడాదికే దాని గట్టితనం తెలిసిపోయింది. 1997 జులైలో అదే ప్రభుత్వం ఒకే ఒక్క కంపెనీ కోసం పది కిలోమీటర్ల నిబంధనను సడలిస్తూ ఇంకో జీవో తీసింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ దగ్గర ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ అది. కాలుష్య నియంత్రణ మండలి వద్దన్నది, అప్పీలు అధికారి కానియ్యమన్నడు. సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎ.పి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డ్ వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు అని ఆ కేసును లా కాలేజీలల్ల ఇప్పటికీ చెప్తరు. 1999 జనవరిలో కోర్టు ఒక మాట తేల్చింది. ముప్పు రుజువయ్యేదాక ఆగొద్దు, ముందే జాగ్రత్త పడాలె. ముప్పు లేదని రుజువు చేసే బరువు ఫ్యాక్టరీ పెట్టేటోని మీదనే ఉండాలె. 2000 డిసెంబర్‌లో ఆ సడలింపును కొట్టేసింది. మంచి తీర్పు. లక్షలమంది తాగే నీళ్ల కోసం వచ్చిన తీర్పు. ఆ న్యాయసూత్రం మనిషి కోసం గూడ పని చెయ్యాలె. తాగునీటికి ముందుజాగ్రత్త వర్తించినప్పుడు వాడల పండుకున్న పసిపిల్లకు ఎందుకు వర్తించదు?

ఇగ గీత లోపల ఏం జరిగిందో చెప్త.

ఎమర్జెన్సీ రోజులల్ల మా నాయినకు రెండెకరాల లావణి పట్టా ఇచ్చిండ్రు. ఊరి చివర రాళ్ల చెల్క. రాళ్లు ఏరి, గట్లు పోసి, ఆముదాలు, జొన్నలు వేసుకున్నడు. 1995ల అక్క పెండ్లి, అవ్వ ఆపరేషన్ ఒక్కసారే వచ్చి మీదపడ్డయి. లావణి భూమి అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెప్తది. కొనేటోనికి చట్టం అడ్డం రాదు, అమ్మేటోనికి ధర రాదు. పట్నం నుంచి ఒక సేటు వచ్చి తెల్లకాయితం మీద, సాదా బైనామాతోని, కొన్ని వేలకు రెండెకరాలు రాయించుకున్నడు. ఏడాది తిరగకముందే జీవో వచ్చింది. సేటు భయపడలేదు. ఎత్తైన కంపౌండు గోడ కట్టిండు, మామిడి తోట పెట్టిండు, లోపల ఈతకొలను తవ్విచ్చిండు. మా నాయినను వాచ్‌మన్‌గ పెట్టుకున్నడు. తను ఏరిన రాళ్లతోనే కట్టిన గోడకు కావలి.

అదే జీవో పేరు చెప్పి మా వాడల ఏం చేసిండ్రు? మా అన్న పెండ్లయినంక ఒక అర్ర పెంచుకుంటనన్నడు. పంచాయతి నుంచి మనిషి వచ్చి, “ఇది 111 ఏరియా, కట్టుడు బంద్” అన్నడు. సేటు ఈతకొలనుకు లేని చట్టం మా అన్న అర్రకు వచ్చింది. చెరువుకు మురుగు మా అర్ర నుంచే పోతదట!

కొన్నేండ్లకు సేటు తోట ఎనుక భాగం ఇంకొకనికి కిరాయికిచ్చిండు. రాత్రిపూట లారీలు రావడం మొదలైంది. పాత ఇనుప డ్రమ్ములు. కంపెనీలల్ల రసాయనాలు వాడినంక మిగిలే డ్రమ్ములు. ఇక్కడ కడిగి, సొట్టలు తీసి, రంగేసి మళ్ల అమ్ముతరు. కడిగే పని మా ఆడోల్లకు దొరికింది. కైకిలి కంటె పది రూపాయలు ఎక్కువ. రెండు నెలలల్ల చేతులకు బొబ్బలు, తల తిప్పుడు, వాంతులు. కడిగిన నీళ్లు కుంటలకు పోయినయి. కుంట కింద మేసిన రెండు బర్లు నురగలు కక్కి పడ్డయి. అడుగుతే, “ఎండకు పడ్డయి” అన్నరు.

2007 ఎండకాలం. మా పెద్దనాయిన కొడుకు అండ్ల పనిచేస్తుండె. ఒక ఖాళీ డ్రమ్మును గ్యాసుకట్టరుతోని కొయ్యమన్నరు. నిండు డ్రమ్ముకంటె ఖాళీ డ్రమ్మే పెద్ద గండం అని అన్నకు ఎవ్వరూ చెప్పలేదు. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ఎండకు ఆవిరై లోపల గాలిల కలిసి ఉంటయి. నిప్పు తాకితే డ్రమ్ము బాంబయితది. మూత ఎగిరి మామిడిచెట్టు కొమ్మ ఇరిగింది. మిగిలిన డ్రమ్ములు ఒకటెనుక ఒకటి అంటుకున్నయి. నల్లటి పొగ మా వాడ మీదికే దిగింది. సర్కారు దవాఖానల పదకొండు రోజులు పండి అన్న చచ్చిపోయిండు.

కాయితాలల్ల ఏమని రాసిండ్రు? పనివాని అజాగ్రత్త అని రాసిండ్రు. ఫ్యాక్టరీ ప్రమాదం అని ఎందుకు రాయలేదంటే, అది ఫ్యాక్టరీ కాదు. ఆ సర్వే నంబర్ల పరిశ్రమ ఉండరాదని జీవో ఉన్నది, కనుక లేదు. పరిశ్రమ లేనప్పుడు ఇన్‌స్పెక్టరు రాడు, ఈఎస్ఐ ఉండదు, పరిహారం ఉండదు. కాయితం మీద లేని ఫ్యాక్టరీల ఎవ్వడూ చావడు. పటం మీద పచ్చరంగు పూసి ప్లానింగోల్లు ఇంటికి పోయిండ్రు. ఆ పచ్చరంగు కింద అన్న కాలిండు.

మా ఊరిదొక్కటే ముచ్చట కాదు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాముల మంటలు లేచి బీహారు నుంచి వచ్చిన 11 మంది కూలీలు మేడ మీదనే కాలిపోయిండ్రు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌ల ఇండ్ల కింద నిల్వపెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని 9 మంది చచ్చిపోయిండ్రు. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989ల వచ్చినయి. అవి ఒక్కో సరుకుకు ఒక్కో పరిమాణం పెట్టి, అది దాటితేనే పెద్ద ప్రమాదమున్న చోటు అంటయి. పేదోన్ని కాల్చేటందుకు అంత సరుకు అక్కరలేదు. ఒక్క డ్రమ్ము చాలు.

పెద్ద ఫ్యాక్టరీల సంగతి గూడ చూద్దాం. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్ల యూనియన్ కార్బైడ్ ట్యాంకు నుంచి మిథైల్ ఐసోసైనేట్ బయటపడ్డది. ఆ విషవాయువు గాలికంటె బరువు. పైకి లేవదు, నేలనంటి పల్లానికి పారుతది. ఫ్యాక్టరీ గోడకు ఎదురుంగనే జయప్రకాశ్‌నగర్ గుడిసెలు. ముందుగాల పీనుగులు లేచింది ఆడనే. 1975ల భోపాల్ నగర ప్రణాళిక ఇట్లాంటి ప్రమాదకర పరిశ్రమలను ఊరికి దూరంగ జరపాలన్నది. కంపెనీ జరగలేదు. 1984ల, ప్రమాదానికి కొన్ని నెలల ముందు, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆ గుడిసెలకు పట్టాలు ఇచ్చింది. ఫ్యాక్టరీని జరిపే ధైర్యం లేక, దాని నీడల బతకమని పేదోల్లకు కాయితం ఇచ్చింది. మనకు ఇచ్చే ప్రతి పట్టా ఎక్కడిస్తున్నరో చూసి తీసుకోవాలె అని నేను అనేది ఇందుకే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. అది గూడ గాలికంటె బరువే. 12 మంది చచ్చిపోయిండ్రు. సైరన్ మోగలేదు. ప్రభుత్వం వేసిన కమిటీయే ఆ మాట రాసింది. ఆ విశాఖలనే 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీల గ్యాసు లీకై పేలి అరవైమంది దాక పోయిండ్రు. ఇన్నేండ్లకు ఏం నేర్చుకున్నరు?

అప్పుడు పెద్దమనుషులు ఒక మాట అంటరు. “ఫ్యాక్టరీ ముందుగాల వచ్చింది, జనం ఎనుక వచ్చి చుట్టూ ఇండ్లు వేసుకున్నరు.” విశాఖల అన్నరు, భోపాల్ల అన్నరు. ఫ్యాక్టరీని ఇండ్ల కాడికి రానియ్యకపోవుడు ఎంత ప్లానింగో, ఇండ్లను ఫ్యాక్టరీ కాడికి పోనియ్యకపోవుడు గూడ అంత ప్లానింగే. రెండోది జరగాలంటే పేదోనికి వేరే చోట జాగ ఇయ్యాలె. అది ఇయ్యకుండ, “మీరెందుకు వచ్చిండ్రు” అని పీనుగును అడుగుతున్నరు. మా సంగతైతే అదీ కాదు. మా వాడ అందరికంటె ముందున్నది. మీ ఫామ్‌హౌసు ముందు, మీ రింగురోడ్డు ముందు, మీ పటం ముందు.

బరువైన గాలి పల్లానికి పారుతది. వాడ పల్లంల ఉంటది. ఇది సైన్సు చెప్పే లెక్క, మనువు కట్టిన ఊరు. ఈ రెండూ కలిస్తే ముందు ఎవరు చస్తరో చెప్పేటందుకు ఇంజినీరు అక్కరలేదు. ప్రమాదం గుడ్డిది, దానికి కులం తెల్వదు అంటరు. దానికి తెల్వకపోవచ్చు. దాన్ని తెచ్చి పెట్టే జాగకు కులం ఉన్నది.

భోపాల్ తర్వాత చట్టాలు రాలేదా అంటే వచ్చినయి. 1987ల ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో చూసే స్థల పరిశీలన కమిటీ పెట్టిండ్రు. చుట్టుపక్కల జనానికి ముప్పు ఏందో, వస్తే ఏం చెయ్యాలో చెప్పాలన్నరు. 1989 నిబంధనలు గూడ అదే మాట అన్నయి. ఫ్యాక్టరీ బయట ఏం చెయ్యాలో జిల్లా స్థాయిల ప్రణాళిక ఉండాలన్నయి. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం పోయి కొత్త వృత్తి భద్రతా కోడ్ వచ్చింది. స్థల పరిశీలన కమిటీ అండ్ల గూడ ఉన్నది. కమిటీలున్నయి, వాటిల్ల వాడ మనిషి ఉన్నడా? ఎల్లమ్మ గుడికాడ నిలబడి, “గాలి ఇటు వస్తే అటు ఉరకండ్రి, మూతికి తడిబట్ట కట్టుకోండ్రి” అని తెలుగుల చెప్పిన ఆఫీసరును నేను ఇంతవరకు చూడలేదు. ఇగ ప్రాణం ధర. 1991ల పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చి, చావుకు తక్షణ సాయం 25 వేలు అని రాసిండ్రు. మూడు దశాబ్దాలు ఆ అంకె కదల్లేదు. అదే మూడు దశాబ్దాలల్ల మొయినాబాద్ల గజం ధర ఎన్నిసార్లు కదిలిందో ఏ బ్రోకరును అడిగినా చెప్తడు.

ఇటలీల సెవెసో అనే ఊరి మీద 1976 జులై 10న ఒక ఫ్యాక్టరీ నుంచి విషపు మబ్బు పడ్డది. యూరపు దేశాలు 1982ల ఒక ఆదేశం తెచ్చుకున్నయి. 1996 డిసెంబర్‌లో దాన్ని మళ్ల రాసి, ఫ్యాక్టరీకీ మనుషుల ఇండ్లకూ నడుమ తగిన దూరం ఉండేటట్టు భూవినియోగ ప్రణాళికలు ఉండాలని చేర్చుకున్నయి. మన జీవో 111 వచ్చింది గూడ 1996లనే. ఒకే ఏడాదిల రెండు గీతలు గీసిండ్రు. వాళ్లది ఇంటి గోడ నుంచి, మనది చెరువు కట్ట నుంచి.

చెరువు కట్ట నుంచి గీసిన గీత, చెరువుతోని పట్నానికి పని తీరినప్పుడు ఏమైతది? చెరిగిపోతది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69 తెచ్చి 111 ఆంక్షలు ఎత్తేస్తున్నమన్నది. 2023 మేలో కేబినెట్ 111ను పూర్తిగ రద్దు చేస్తున్నమని ప్రకటించింది. ఏం కారణం చెప్పిండ్రు? పట్నానికి కృష్ణా నీళ్లొస్తున్నయి, గోదావరి నీళ్లొస్తున్నయి, ఈ రెండు చెరువుల నీళ్ల అవసరం ఇగ లేదు అన్నరు. చూసిండ్రా? 84 ఊళ్ల మనుషులు ఆ వాక్యంల ఎక్కడున్నరు? గీత గీసిననాడు మేం లేము, చెరిపిననాడు లేము.

ఇంకో దిక్కు చూడుండ్రి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగురోడ్డు అవతలికి పంపాలని 2013లనే అప్పటి ప్రభుత్వం నిర్ణయం చేసింది. 2025 నవంబర్‌లో కొత్త విధానం వచ్చింది. రింగురోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పాత పారిశ్రామికవాడల భూములు, 9 వేల ఎకరాలకు పైచిలుకు, ఇండ్లకూ దుకాణాలకూ మార్చుకోవచ్చు అన్నది. పట్నం నడిబొడ్డున విషపు ఫ్యాక్టరీలు ఉండొద్దు, నిజమే. జీడిమెట్లల, నాచారంల ఉన్నది గూడ మనోల్లే. కాని ‘అవతల’ అంటే ఎవరు? అవతల ఖాళీ జాగ ఉన్నదా? చేవెళ్ల ఉన్నది. షాబాద్ ఉన్నది. లోపలి భూమి ధర ఫ్యాక్టరీ యజమానికి, ఫ్యాక్టరీ మాత్రం మాకు. మా తాతల కాలపు ప్లానుకూ దీనికీ తేడా ఏందో నాకు చెప్పుండ్రి. లందను ఊరవతలికి పంపినట్టే ఉన్నది.

అవతలికి పోయిన ఫ్యాక్టరీల ఏమైతున్నదో 2025 జూన్ 30న పాశమైలారంల చూసినం. మందుబిళ్లలల్ల కలిపే పొడి తయారుచేసే సిగాచి కంపెనీ పేలి యాభైమందికి పైగ చచ్చిపోయిండ్రు. కొందరికి ముద్ద చేసి కాల్చేటందుకు పీనుగు గూడ దొరకలేదు. ఎక్కువమంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినోల్లు. వాడ ఇప్పుడు రైలెక్కి వస్తున్నది.

గీత చెరిగిన చోట ముందుగాల వచ్చేది ఫ్యాక్టరీ గూడ కాదు, టిప్పరు. 2025 నవంబర్ 3 పొద్దుగాల చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు వచ్చి తాండూరు నుంచి పట్నం పోయే ఆర్టీసీ బస్సును గుద్దింది. 19 మంది చచ్చిపోయిండ్రు. కంకర కింద మనుషులు కూరుకపోయిండ్రు. చదువుకునే పిల్లలు, కూలికి పోయేటోల్లు. దాన్ని రోడ్డు ప్రమాదం అంటరు. కంకర ఎవరి కట్టుబడికి పోతది? రోడ్డు వెడల్పు చెయ్యకముందే రోడ్డు పొడుగునా ప్లాట్లు ఎట్ల అమ్మిండ్రు? ముందుగాల భూమి ధర పెరగాలె, తర్వాత రోడ్డు రావాలె, ఆఖరికి మనిషి బతకాలె. ఈ వరుసను తలకిందులు చెయ్యకుండ ఎన్ని సంతాపాలు చెప్పినా ఒక్కటే.

ఇప్పుడు 111 మీద రెండు గుంపులు కొట్లాడుతున్నయి. ఉంచాలనేటోల్లు ఒక గుంపు, తియ్యాలనేటోల్లు ఒక గుంపు. ఉంచాలనే పర్యావరణ మిత్రులారా, మీ చెరువు ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కాని మీరు కాపాడిన పచ్చదనంల ఎవరి లావణి భూమి ఎవరి గోడ లోపలికి పోయిందో ఒక్కసారన్న లెక్క తీసిండ్రా? మీ పిటిషన్లల్ల కొంగలున్నయి, మా డ్రమ్ములు కడిగే ఆడోల్లు లేరు. తియ్యాలనే రైతు నాయకులారా, రద్దయితే ధర వస్తది అంటున్నరు. ఎవరికి? పట్టా ఉన్న పటేలుకు వస్తది. రిజిస్ట్రేషన్ లేని లావణి భూమికి మళ్ల తెల్లకాయితమే. మీ ‘రైతు’ అనే మాటల మా నాయిన లేడు.

మా పిలగాండ్లు గూడ ఒక మాట అంటున్నరు. “ఫ్యాక్టరీ వస్తే నౌకరి వస్తది గదా అన్నా” అని. వస్తది తమ్ముడూ. డ్రమ్ములు కడిగే నౌకరి వస్తది. రాత్రి డ్యూటీ కాంట్రాక్టు నౌకరి వస్తది. కంట్రోల్ రూముల కుర్చీ వస్తదా? సేఫ్టీ ఆఫీసరు పోస్టు వస్తదా? నౌకరి కావాలె అనుడు తప్పు కాదు. ప్రాణం ఇచ్చి తెచ్చుకునేది నౌకరి కాదు, అది మళ్ల వెట్టి. నువ్వు కెమిస్ట్రీ చదువు, టౌన్ ప్లానింగు చదువు, పటం చదువు నేర్చుకో. ఇన్నేండ్లు వాడు గీసిండు, మనం అండ్ల పడి ఉన్నం. మన ఇంటి జాగకు ఏ రంగు పూసిండ్రో మనకే తెల్వకపోతే, మనం కాలిపోయినా ఏ రంగు పొగ వచ్చిందో వాడే రాస్తడు.

కొట్లాడితే గెలుస్తమని మా పక్క జిల్లా చెప్పింది. 2024 నవంబర్‌లో వికారాబాద్ జిల్లా లగచర్ల దిక్కు లంబాడోల్లు, పేద రైతులు ఫార్మా కంపెనీలకు భూములియ్యమని తిరగబడ్డరు. జైళ్లకు పోయిండ్రు. నెలాఖరుకు సర్కారు ఆ ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్ ఎనుకకు తీసుకున్నది; తర్వాత అక్కడనే ఇండస్ట్రియల్ పార్కు అని ఇంకో పేరుతోని వచ్చింది. అంటే కొట్లాట ఒక్కనాటితోని ఒడువది. కోర్టు మాట గూడ మన చేతుల ఉన్నది. 2004ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, మన చేవెళ్ల డివిజన్ భూసేకరణ కేసులనే, అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగ మార్కెట్ ధర కట్టియ్యాలన్నది. 2023 ఆగస్టు 26న ఇదే చేవెళ్ల సభల కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ చదివి, అసైన్డ్ భూముల మీద పేదలకు సర్వహక్కులు ఇస్తమన్నది. ఆ డిసెంబర్‌ల గద్దెనెక్కింది. చదివింది మా మైదానంల కాబట్టి అడిగే హక్కు మాకు ఎక్కువున్నది.

అడిగేది ఇది. చేవెళ్ల, మొయినాబాద్ల రేపు ఏ మాస్టర్ ప్లాను గీసినా, ఫ్యాక్టరీకీ గోదాముకూ దూరం వాడ చివరి ఇంటి నుంచి కొలవాలె. పల్లమెటు, గాలెటు, రాత్రి వాన పడితే ఉరికే తొవ్వ ఎటు, అన్నీ చూసి కొలవాలె. పటం మీద వాడను పేరుతో రాయాలె. ఖాళీ జాగ అని, సర్కారు భూమి అని రాయరాదు. సరుకు తక్కువున్నదని ఏ డ్రమ్ముల షెడ్డునూ వదలరాదు. లోపల ఏమున్నదో, పేలితే ఏమైతదో గేటు మీద తెలుగుల రాయాలె. ప్రమాదం పక్కన ఇందిరమ్మ ఇండ్ల కాలనీ వేసి పట్టాలు పంచరాదు. పరిశ్రమలకు భూమి కావాల్సినప్పుడల్లా ముందుగాల లావణి సర్వే నంబర్లు వెతికే అలవాటు బంద్ చెయ్యాలె. తెల్లకాయితాల మీద పోయిన భూములు అసలు పట్టాదారులకు తిరిగి రావాలె. ఈ ప్లాను మీద గ్రామసభ బొడ్రాయికాడ కాదు, మా ఎల్లమ్మ గుడికాడ పెట్టాలె.

ఇన్నేండ్లు ఊరికీ మాకూ నడుమ దూరం ఊరే కొలిచింది. మా నీడ పడితే మైల అని కొలిచింది. ఇప్పుడు చావుకూ మాకూ నడుమ దూరం కొలవాల్సి వచ్చింది. ఈసారి గొలుసు మా చేతికి ఇయ్యిండ్రి. మేం కొలుస్తం.